అనాది మనుషులు, అనాధీనం భూములు

గూడూరు చుట్టుపక్కల ఏ పల్లెదైనా సరే, పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు తెరిచి చూడండి. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు వరసగా కనిపిస్తాయి. కొన్ని నంబర్ల దగ్గర పేరుండాల్సిన గడిలో మనిషి ఉండడు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, అడవి, శ్మశానం అని ఉంటుంది. ఇంకొన్నిటికి ఎదురుగా ఒకటే మాట: అనాధీనం. ఎవరి ఆధీనంలోనూ లేనిది అని. ఇసుక తిప్పలు, ఉప్పు పర్రలు, కంప పట్టిన మిట్టలు, కాలవ గట్లు, శిస్తు రాని నేలంతా ఆ మాట కిందికి పోయింది.

ఆ నేల మీద మనుషులున్నారు. గుడిసె అక్కడే, పొయ్యి అక్కడే, చచ్చిపోతే పూడ్చేదీ అక్కడే. వాళ్లను యానాదులంటారు. అనాదిగా ఉన్నవాళ్లు గనక యానాదులయ్యారని మా వైపు పెద్దలు చెప్పేవాళ్లు. ఆ వ్యుత్పత్తిని భాషా పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ ఈ తీరంలో వాళ్లకంటే ముందు ఎవరో ఉన్నారని చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. అనాది మనుషులు బతుకుతున్న నేలను అనాధీనం అని రాసుకున్నారు. ఆ తర్వాత జరిగినవన్నీ ఆ ఒక్క గడిలోంచి వచ్చినవే.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు గూడూరుకి తూర్పున, కోట పోయే దారిలో. సంక్రాంతి దాటి కోతలు అయిపోయాక కయ్యల్లోకి ఒక యానాది తాత వచ్చేవాడు. చేతిలో గడ్డపార, భుజాన ఒక మట్టికుండ. కుండ అడుగున చిన్న బెజ్జం. కుండలో ఎండుగడ్డి కూరి నిప్పు పెట్టి, మూతిని కలుగుకి ఆనించి, బెజ్జంలోంచి ఊదేవాడు. పొగ ఒక కలుగులోకి పోతే గట్టు అవతల ఎక్కడెక్కడి కలుగుల్లోంచో పైకి లేచేది. ఎలుకలు ఎటు పారిపోతాయో ముందే చూసుకుని అక్కడ మనవణ్ణి కూర్చోబెట్టేవాడు. తర్వాత కలుగు తవ్వితే లోపల ఎలుకలు దాచుకున్న వడ్లు. మొలగొలుకుల వెన్నులు, గుప్పెళ్లకి గుప్పెళ్లు. కొన్ని కలుగుల్లో ఒక ఇంటికి వారం రోజులకి సరిపడా వడ్లుండేవి.

ఆ వడ్లు అతనివే. కయ్య మా అమ్మమ్మ వాళ్లది, పంట వాళ్లది, అయినా కలుగులో వడ్లు మాత్రం యానాదివి. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ కాదనలేదు. నాకు తెలిసిన మొదటి హక్కు అది. దానికి పట్టా లేదు, దస్తావేజు లేదు, ఊరంతా ఒప్పుకున్న వాడుక ఉంది. ఆ తాత మా అరుగు ఎక్కేవాడు కాదు. ఎక్కనిచ్చేవాళ్లు కాదు అని చెప్పడమే నిజం. మేం పిల్లలం తాతా అని పిలిస్తే ఇంట్లో పెద్దలు ఒరే అని పిలిచేవాళ్లు. ‘యానాదోడు’ అన్న మాటని ఈ వైపు ఇవాళ్టికీ తిట్టుగా వాడేవాళ్లున్నారు. అది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

యానాది బతుకులో హక్కు అంటే ఇలాంటిదే. ఈ నేల నాది అని కంచె వేసేది కాదు. ఈ కాలవలో నేను చెయ్యి పెట్టొచ్చు, ఈ అడవిలో నేను దుంప తవ్వొచ్చు, ఈ తిప్ప మీద నేను పడుకోవచ్చు అనేది. వెళ్లే హక్కు, ఏరుకునే హక్కు, తిరిగొచ్చే హక్కు. మన చట్టాల్లో చాలా భాగం కంచె వేసినవాణ్ణి గుర్తుపడతాయి. తిరిగేవాణ్ణి గుర్తుపట్టవు.

దీవి

గూడూరు నుంచి మద్రాసు వైపు రైలెక్కితే నాయుడుపేట, దొరవారిసత్రం దాటాక సూళ్లూరుపేట. అక్కడినుంచి తూర్పుకి పులికాట్ సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు మీద పోతే శ్రీహరికోట. సరస్సుకీ సముద్రానికీ నడుమ పొడుగ్గా పడుకున్న దీవి. అర కోటి లింగాలున్న చోటు గనక ఆ పేరొచ్చిందని ఒక కథ కూడా ఉంది.

ఆ దీవి మీద అడవి మామూలు అడవి కాదు. ఇసుక నేలలో, ఉప్పుగాలిలో, ఏడాది పొడుగునా ఆకు రాలకుండా నిలిచే అడవి. పాల, నేరేడు, ముష్టి, పేము, కిందంతా సుగంధిపాల తీగలు. చీరెలకి ఎరుపు అద్దే చిరివేరు ఇక్కడ దొరికేది. తేనె, మైనం, ఆకులు, బెరళ్లు, వేళ్లు. వీటిని ఎక్కడ, ఏ నెలలో, ఎంత లోతున తవ్వాలో తెలిసినవాళ్లు అక్కడి యానాదులు.

1835లో ఈ దీవి కంపెనీ సర్కారు చేతికొచ్చింది. సర్కారుకి కావలసింది ప్రధానంగా వంటచెరకు. పెరుగుతున్న మద్రాసు పట్నం పొయ్యిలకి శ్రీహరికోట కట్టెలు పడవల మీద పోయేవి. నీటిదారి దక్షిణానికి నేరుగా ఉంది. తర్వాత బకింగ్‌హామ్ కాలవ అయింది ఆ దారే. కట్టె కొట్టేది యానాదులు, అడవి సరుకు ఏరి తెచ్చేది యానాదులు. బదులుగా గింజలు కొలిచేవాళ్లు. దక్షిణాది కులాలు, తెగల మీద ఎడ్గర్ థర్‌స్టన్ రాసిన, 1909లో అచ్చయిన సంపుటాల్లో ఈ సంగతులన్నీ వివరంగా ఉన్నాయి. చదువుతుంటే ఒకటి తెలుస్తుంది. తరతరాలుగా తమదైన అడవిలో తాము ఏరుకున్న సరుకుకే వాళ్లు కూలీలయ్యారు. హక్కు పోవడం అంటే ఎప్పుడూ మనిషిని వెళ్లగొట్టడమే కానక్కర్లేదు. అతన్ని అక్కడే ఉంచి, అతని చేతిలోది సర్కారు ఖాతాలో జమ వేస్తే చాలు.

వెళ్లగొట్టడం తర్వాత వచ్చింది. 1969లో ఉపగ్రహాల ప్రయోగానికి ఈ దీవిని ఎంచుకున్నారు. తూర్పున అడ్డులేని సముద్రం, భూమధ్యరేఖకి దగ్గర, జనం పలచగా ఉన్న చోటు. ఈ మూడో కారణాన్ని కాసేపు ఆగి చూడాలి. జనం పలచగా ఉన్నారంటే జనం లేరని కాదు. అడవిని బతికించుకుంటూ బతికేవాళ్లు పలచగానే ఉంటారు. అడవిని తినేసినవాళ్లు ఒత్తుగా ఉంటారు. దాదాపు 145 చదరపు కిలోమీటర్లు అంతరిక్ష కేంద్రం కిందికి వచ్చాయి. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2002లో కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు.

అప్పటి భూసేకరణకి ఆధారం 1894 నాటి చట్టం. ఆ చట్టం లెక్క సూటిగా ఉంటుంది. నేలలో హక్కుదారు ఎవరో చూపిస్తే పరిహారం. ఇంటికింత, చెట్టుకింత, సెంటుకింత. అడవిలో గుడిసె వేసుకున్నవాడి దుంపకీ తేనెకీ కాలవకీ ధర కట్టే గడి అందులో లేదు. రిజిస్టరులో పేరు లేనివాడు నష్టపోయినవాడి జాబితాలోకి కూడా రాడు. కొన్ని యానాది కుటుంబాల్ని దీవి లోపలే కాలనీల్లో ఉంచారు. కొందరికి కేంద్రంలో కూలిపనులు దొరికాయి. మిగిలినవాళ్లు సరస్సు దాటి సూళ్లూరుపేట, తడ వైపు వచ్చి కాలవ గట్ల మీద, రోడ్డు వారల మీద గుడిసెలు వేసుకున్నారు. అంటే ఇంకో అనాధీనం నేల మీదికి.

రాకెట్టు ఎగిరిన రోజున గూడూరు మేడల మీద నిలబడి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లినప్పుడు దక్షిణాన ఆకాశంలో గీసినట్టున్న తెల్లని పొగ చూసి నా కళ్లు చెమర్చాయి. ఆ గర్వాన్ని నేను తగ్గించుకోను. దేశానికి ఆ పని కావాలి, ఆ పనికి ఆ చోటు కావాలి. కానీ ఒక జనం తమ ఇల్లు ఇచ్చి మనకి చంద్రుణ్ణి తెచ్చిపెట్టారంటే వాళ్లకి మనం బాకీ ఉన్నాం. బాకీని ఒప్పుకోవడం గర్వానికి అడ్డేమీ కాదు.

అప్పటికే ఇచ్చిన మాట

ఆ రోజుల్లో ఆదివాసి హక్కుల ఆలోచనే లేదు, ఇప్పటి కళ్లతో అప్పటిని తూచకూడదు అని కొందరంటారు. అది నిజం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో 107వ ఒడంబడికను ఆమోదించింది. ఆదివాసులు తరతరాలుగా ఉంటున్న నేల మీద వాళ్ల యాజమాన్యాన్ని, అది ఒక్కొక్కరిదైనా ఉమ్మడిదైనా, గుర్తించాలని దాని 11వ అధికరణం చెబుతుంది. తప్పనిసరై కదిలించాల్సి వస్తే అంతే మంచి నేల, ఇప్పటి అవసరాలకీ రేపటి ఎదుగుదలకీ సరిపడేది, చూపించాలని 12వది చెబుతుంది. భారతదేశం దీన్ని 1958లోనే ధ్రువీకరించింది. ఇంకా అందులోంచి బయటికి రాలేదు. అంటే శ్రీహరికోటలో కొలతలు మొదలైన నాటికి ఆ మాట ఇచ్చి పదేళ్లు దాటింది.

‘ఉమ్మడిదైనా’ అన్న ఆ ఒక్క పదం యానాదులకి ప్రాణం లాంటిది. వాళ్ల దీవి ఏ ఒక్కరిదీ కాదు గదా.

ఈ తీరానికి అసలు యానాదుల పక్షాన మాట్లాడేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితమంతా వాళ్ల కోసమే పెట్టారు. నేరస్థ జాతుల చట్టం అనే దుర్మార్గాన్ని, పుట్టుకతోనే మనిషిని దొంగగా రాసుకునే ఆ పద్ధతిని, ఎదిరించి నిలబడ్డ నెల్లూరు మనిషి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఆయన 1962లో యానాదుల మీద పెద్ద పుస్తకమే రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది.  ఆయన అడిగిన భూమి మాత్రం ఇంకా బాకీ.

కొండల దగ్గరే ఆగిపోయిన కవచం

ఆంధ్రలో గిరిజనుల భూమి అనగానే మనకి పాడేరు, రంపచోడవరం, సీతంపేట గుర్తొస్తాయి. అక్కడ రాజ్యాంగం అయిదో షెడ్యూలు ఉంది. గిరిజనేతరుడు గిరిజనుడి భూమి కొనకుండా ఆపే 1/70 ఉంది. 1959 నాటి రెగ్యులేషన్‌ని గట్టిచేస్తూ 1970లో తెచ్చిన సవరణ అది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకి మాట్లాడే బలం ఇచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకి లీజుకి ఇవ్వరాదని తేల్చింది. అవన్నీ నిండుగా అమలయ్యాయని కాదు. పట్టుకుని నిలబడటానికి ఒక కొయ్య అయినా ఉంది.

నెల్లూరు తీరంలో ఒక్క అంగుళం కూడా అయిదో షెడ్యూల్లో లేదు. శ్రీహరికోట చేతులు మారిన రోజుల్లోనే, అదే రాష్ట్రంలో, కొండ మీది గిరిజనుడికి 1/70 రక్షణ వచ్చింది. తీరపు గిరిజనుడికి రాలేదు. యానాదులు షెడ్యూల్డు తెగే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 5.37 లక్షలు. అందులో ఎక్కువమంది ఈ పాత నెల్లూరు జిల్లా చుట్టుపక్కలే. మనిషి షెడ్యూల్లో ఉన్నాడు, అతని కాళ్ల కింద నేల షెడ్యూల్లో లేదు. వాళ్ల కోసమే నెల్లూరులో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పెట్టారు. పథకాలు ఇవ్వడానికి దానికి అధికారం ఉంది, భూమిని కాపాడటానికి 1/70 లాంటి ఆయుధం లేదు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద కూడా వాళ్లు రారు. అది మరీ బలహీనమైన తెగల జాబితాలో ఉన్న చెంచులు, కొండరెడ్ల వంటివారికే. ఆ జాబితాలో యానాదుల్లేరు.

ఇది తెలిస్తే గూడూరు చరిత్రలో ఒక సంగతి అర్థమవుతుంది. గూడూరు అభ్రకానికి పేరుమోసిన ఊరు. కాకిబంగారం అంటాం. సైదాపురం వైపు మట్టిలో కూడా అది తళతళలాడుతుంది. తూర్పున చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక. ఈ రెంటి మీదా ఎన్ని తరాలు ఎంత సంపద తవ్వుకుపోయాయో ఊరందరికీ తెలుసు. ఇది పాడేరు అయివుంటే ప్రతి లీజు దగ్గరా ఇక్కడ గిరిజనులున్నారా, వాళ్లేమంటున్నారు అనే ప్రశ్న లేచేది. ఇక్కడ లేవదు. సిలికా తిప్ప అనాధీనం గదా.

పేదలకని సర్కారు ఇచ్చిన భూములూ నిలవలేదు. డీకేటీ పట్టాలంటాం మేం. ఎకరమో అరెకరమో చేతిలో కాగితం పెడతారు. నేల చూపించేటప్పుడు చవుడు చూపిస్తారు, లేదా ఇంకెవరో దున్నుకుంటున్న చోటు చూపిస్తారు. ఇలా ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెబుతున్నా, కాగితం ఇతనిదీ సాగు ఇంకొకరిదీ అయిన పొలాలు గూడూరు డివిజన్‌లో కొత్తేమీ కాదు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూముల మీద అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో సవరణ వచ్చింది. స్వాధీనమే లేనివాడికి అమ్మకపు హక్కు ఇస్తే లాభం ఎవరికి? ఇప్పటికే సాగులో ఉన్నవాడికి.

నీళ్లు

భూమి సంగతి కనీసం ఆఫీసుల్లో వినిపిస్తుంది. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. యానాదికి పొలం కంటే కాలవ ముఖ్యం.

పొద్దున్నే పులికాట్ అంచున చూడండి. ఆడవాళ్లు తాటాకు బుట్ట తగిలించుకుని మోకాటిలోతు బురదలో వంగి చేత్తో తడుముతూ ముందుకి పోతుంటారు. వేళ్లకి తగిలింది రొయ్యో, ఎండ్రకాయో, ఉత్త నాచో చూడకుండానే తెలుస్తుంది వాళ్లకి. వల లేదు, పడవ లేదు. మగవాళ్లు ఊతలు వేస్తారు, కాలవకి అడ్డంగా మావులు కడతారు. పూటకి దొరికింది అమ్ముకుని బియ్యం కొనుక్కుంటారు. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఈ వైపు వాళ్లు ప్రళయ కావేరి అని కూడా అంటారు. ఆ పేరుతోనే స.వెం. రమేశ్ కథలు రాశారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది.

దక్షిణాన తమిళనాడు వైపు మత్స్యకార కులాలకి పాడు అనే పాత పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాలో చీట్లు వేసి పంచుకుంటారు. ఎంతో తెలివైన కట్టుబాటు. అందులో చేత్తో పట్టే గిరిజనులకి వాటా లేదు. వల ఉన్నవాడికి చోటు, చెయ్యి మాత్రమే ఉన్నవాడికి మిగిలింది. వాడుక కూడా అందరికీ ఒకేలా న్యాయం చెయ్యదని ఇక్కడ ఒప్పుకోవాలి. కలుగులో వడ్లు యానాదివే అన్న నా చిన్ననాటి కట్టుబాటు కూడా అంతే. మనకి అక్కర్లేనిది వాళ్లకి వదిలేశాం. ఎలుకల వడ్లకి మార్కెట్లో ధర ఉంటే ఆ వాడుక ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేను.

రొయ్యకి ధర వచ్చింది. చెప్పలేననుకున్నదానికి అదే జవాబు. 1990ల మొదట్లో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. నిన్నటిదాకా అనాధీనమైన పర్రలకి ఒక్కసారిగా యజమానులు పుట్టుకొచ్చారు. కాలవల్లోకి చెరువుల మురుగు వదిలారు. గట్ల మీద కాపలా పెట్టారు. ఆ కాపలాకి యానాదుల్నే పెట్టుకున్నారు. తాను చెయ్యి పెట్టి తడిమిన నీళ్ల దగ్గరికి తన అన్నదమ్ములు రాకుండా టార్చిలైటు పట్టుకుని కూర్చునే పని అది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో గట్టి తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు వద్దంది. చిలికా, పులికాట్ సరస్సులకి వెయ్యి మీటర్ల లోపల, నేలపట్టు పక్షి కేంద్రంతో సహా, అసలు ఉండకూడదని పేరు పెట్టి చెప్పింది. మన నేలపట్టు పేరు సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి చెరువులకి చట్టబద్ధమైన దారి వేసింది. ఇవాళ సూళ్లూరుపేట నుంచి వాకాడు దాకా పోతూ చూస్తే చెరువుల్లో గిరగిర తిరిగే ఏరియేటర్లు కనిపిస్తాయి.

పక్షుల కోసం 1976లో పులికాట్‌ని అభయారణ్యంగా ప్రకటించారు. రాజహంసలు బతకాలి, నాకేమీ అభ్యంతరం లేదు. శీతాకాలంలో నేలపట్టులో గూళ్లు కట్టే గూడకొంగల్ని చూడని గూడూరు పిల్ల ఉండదు. ఊతతో రెండు కిలోల రొయ్యలు పట్టేవాడివల్ల పక్షికి ముప్పు రాలేదు. సముద్రపు మొగలు పూడిపోయి, నీళ్లు తగ్గి, చెరువుల మురుగు చేరి వచ్చింది. రాయదొరువు దగ్గర మొగ పూడిపోయినప్పుడల్లా పక్షీ యానాదీ కలిసే ఆకలి పడతారు.

ఇప్పుడు కొత్త ఒత్తిడి. 2008లో మొదలైన కృష్ణపట్నం రేవు, దాని వెనక థర్మల్ కేంద్రాలు, 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన క్రిస్ సిటీ పారిశ్రామిక నగరం, ఇవన్నీ ఈ తీరాన్నే కోరుతున్నాయి. అదే ఏడాది ఉత్తరాన కరేడులో పరిశ్రమ కోసం వేల ఎకరాలు తీసుకోవాలన్నప్పుడు రైతులతో పాటు యానాదులు కూడా రోడ్డెక్కారు. ఎప్పుడూ గొంతెత్తని వాళ్లు మాట్లాడారంటే ఎక్కడిదాకా వచ్చిందో అర్థం చేసుకోవాలి.

నేల లేనివాడి మెడకి ఉరి

అడవీ కాలవా రెండూ చేజారితే ఏమవుతుందో చెప్పడం నాకు కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. పెళ్లికో జబ్బుకో పదివేలు అప్పు తీసుకుంటాడు. అప్పు ఇచ్చినవాడు నిమ్మతోటకో, రొయ్యల చెరువుకో, జామాయిల్ కొట్టడానికో, బొగ్గు బట్టీకో, బాతుల మందకో తీసుకుపోతాడు. కుటుంబం మొత్తం పోతుంది. అప్పు ఎంత తీరిందో లెక్క ఎప్పుడూ యజమాని దగ్గరే ఉంటుంది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 2025లో, అప్పుకి కుదువగా బాతుల యజమాని దగ్గర ఉంచిన తొమ్మిదేళ్ల యానాది బాలుడు చనిపోయి, శవాన్ని తమిళనాడులో పూడ్చిపెట్టిన సంగతి బయటపడింది. పిల్లవాణ్ణి కుదువ పెట్టడం అన్న మాట రాయడానికే చెయ్యి ఆడటం లేదు.

దీన్ని పేదరికం అని ఒక్క మాటలో కొట్టెయ్యకండి. ఒక తరం కిందటిదాకా ఆకలైతే కాలవకి పోయేవాళ్లు. కాలవ ఉన్నవాడు అప్పు కోసం పిల్లవాణ్ణి పంపడు.

ఇంకో రాకెట్టు తీరం

సముద్రానికి ఆ చివర బ్రెజిల్లో అల్కాంతారా అనే ఊరుంది. అక్కడా రాకెట్ల కేంద్రమే. 1983లో పెట్టారు. అక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లు కిలొంబోలా జనం. బానిసత్వం నుంచి తప్పించుకుని తమ ఊళ్లు తాము కట్టుకున్న నల్లవాళ్ల సంతతి. 312 కుటుంబాల్ని తీరం నుంచి లేపి, లోపల ఏడు కాలనీల్లో పెట్టారు. చేపలు పట్టేవాళ్లని సముద్రానికి దూరంగా. చదువుతుంటే సూళ్లూరుపేట గట్టు మీది గుడిసెలు కళ్లముందుకొచ్చాయి నాకు. వాళ్లు ఊరుకోలేదు. సొంత దేశపు కోర్టులు దాటి అమెరికా ఖండాల మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2024 నవంబరులో ఆ న్యాయస్థానం బ్రెజిల్ ప్రభుత్వం వాళ్ల ఉమ్మడి భూమి హక్కుని భంగపరిచిందని తీర్పు ఇచ్చింది. తీర్పు రాకముందే విచారణలో ఆ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. రాకెట్ల కేంద్రం మూతపడలేదు. అక్కడే ఉంది.

ఆస్ట్రేలియాలో వూమెరా రాకెట్ల మైదానం 1947లో మొదలైంది. ఆ పక్కనే మరలింగాలో బ్రిటిష్‌వాళ్లు అణుబాంబులు పరీక్షించారు. ఆ నేల మీది ఆదివాసుల్ని దక్షిణానికి తరలించారు. 1984లో ప్రత్యేక చట్టం చేసి ఆ నేల పట్టాని వాళ్లకే తిరిగి రాశారు. రెండు చోట్లా దేశాలకి ఏమీ నష్టం రాలేదు.

చెప్పినది సాక్ష్యంగా తీసుకునే చట్టం

మనకి అంత దూరం పోవాల్సిన పని లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అయిదో షెడ్యూలుతో సంబంధం లేకుండా దేశమంతటా వర్తిస్తుంది. శ్రీహరికోటకి, గూడూరు రేంజిలోని ప్రతి అడవి నంబరుకీ వర్తిస్తుంది. ఇది చాలామంది అధికారులకి కూడా కొత్తగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ చట్టం అంటే మన్యం అనుకుంటారు. ఆ చట్టం 3వ సెక్షన్లో చేపలూ ఇతర నీటి ఉత్పత్తుల మీద ఉమ్మడి హక్కు ఉంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది. 2005 డిసెంబరు 13కి ముందు చట్టప్రకారం రావాల్సిన పునరావాసం అందకుండా అడవి నుంచి కదిలించినవాళ్లకి ప్రత్యామ్నాయ భూమి అడిగే హక్కు కూడా అందులోనే ఉంది. రాకెట్ల మైదానం అభివృద్ధి పని, అది వేరు అని అధికారులు వాదించవచ్చు. వాదించనివ్వండి. 4వ సెక్షన్లో అభివృద్ధి పనుల కోసం పరిహారం లేకుండా కదిలించినవాళ్ల ప్రస్తావన కూడా ఉంది. తీసుకున్న పనికి అయిదేళ్లలో వాడని భూమి మీద వాళ్లకి హక్కు అంటుంది. దీవిలో ప్రయోగ వేదికలు ఎంత మేర ఉన్నాయి, అడవి ఎంత మేర అలాగే నిలబడి ఉంది అనేది కొలిచి చూడదగ్గ సంగతి.

నేను అడిగేది ప్రయోగ వేదికని తిరిగిమ్మని కాదు. కదిలించిన కుటుంబాల పేర్లు ఒక జాబితాగా రాయమని. ఆ జాబితాకి బదులు నేల, సాగుకి పనికొచ్చేది, ఈ తీరంలోనే చూపమని. భద్రతకి భంగం లేని చోట, నిర్ణయించిన నెలల్లో, దుంపకీ వేరుకీ తేనెకీ అడవిలోకి వెళ్లే దారి ఇవ్వమని. పులికాట్‌లో, కండలేరు కాలవల్లో చేత్తో పట్టేవాళ్లకి ఇంత చోటు అని హద్దులు గీసి, ఆ హద్దులు చెరువుల వాళ్లకీ పరిశ్రమల వాళ్లకీ తెలిసేలా పటం మీద పెట్టమని. 2020 చివర మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, కొత్త రాళ్లు పాతారు. ఇంత కొలిచినవాళ్లకి యానాది సంఘాల వాడుకని కొలవడం కష్టం కాదు. ఒక నంబరు పక్కన అనాధీనం తీసేసి, ఫలానా సంఘం వాడుక అని రాయడానికి ఒక గీత చాలు.

సాక్ష్యం ఏది అని అడుగుతారు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నిబంధనల్లో 13వది ఏది సాక్ష్యమో వివరంగా చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, గెజిటీర్లు సాక్ష్యమే. పాత గుడిసె గుర్తులు, బావులు, సమాధులు, దేవతల చోట్లు సాక్ష్యమే. హక్కు అడిగేవాళ్లు కాకుండా ఇంకొక పెద్ద మనిషి చెప్పినది రాసుకున్నా సాక్ష్యమే. చదువు రాని మనిషి నోటి మాటకి కాగితంతో సమానమైన విలువ ఇచ్చిన చట్టం అది.

ఆ దీవిలో ఏ దొరువు దగ్గర ఎవరి గుడిసె ఉండేదో, పేము ఎక్కడ కోసేవాళ్లో, ఏ చెట్టు కింద ఎవరిని పూడ్చారో చెప్పగలిగినవాళ్లు సరస్సుకి ఇవతలి గట్ల మీద ఇంకా ఉన్నారు. అది రాసుకోవడానికి కావలసింది ఒక గ్రామసభ, రాయడం వచ్చిన ఒక మనిషి, ఒక మధ్యాహ్నం. 1970లో ఇరవై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి.